అడుగు వదిలేయ్

నమోదు 1

ఈరోజుతో మా తొమ్మిదో లంక ల్యాబులో ఎవరి తీరున వాళ్ళు పని చేసుకోవడం అయిపోయింది. పొద్దున సరుకుల పంటు పడవ మీద మంచినీళ్ళ డబ్బాలతో పాటు ‘ఏకసూత్రం’ అనే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అగ్గిపెట్టెంత ఉంది. దాన్ని యంత్రానికి తగిలించగానే మా పాత సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా చెరిగిపోయింది. ఇకమీదట తీరం పొడుగునా సముద్రంలో కాళ్ళ మీద నిలబడ్డ లంకలన్నిటిలోనూ ల్యాబులు ఒకే మాట మీద నడుస్తాయట.

మాట అంటే నిజంగా మాటే. మా యంత్రానికి బొత్తాలు లేవు. మేం చెబుతాం, అది చేస్తుంది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కలోంచి ఆర్ఎన్ఏని వేరు చేయడానికి మా దగ్గర మూడు దార్లున్నాయి: పొరల పద్ధతి, ముద్ద పద్ధతి, జల్లెడ పద్ధతి. ముక్క ఎంతుందో, ఎక్కడిదో చూసి దారి ఎంచుకుంటాం. ఇన్నాళ్ళూ ఒక్కో లంక వాళ్ళు ఒక్కోలా చెప్పేవాళ్ళు. ఇప్పుడా చెప్పడాలన్నీ పోగేసి, రుబ్బి, ఒకే వాక్యాల వరసగా మార్చి తాళం వేసేశారు. ఒక వాక్యానికి ఒకటే అర్థం, ఒక అర్థానికి ఒకటే వాక్యం. ప్రధాన కార్యాలయం వాళ్ళ నినాదం ఇది. మా మీద దయతలచి, ఒక్కో పద్ధతిలో ఒక్కచోట ఒకే ఒక్క ‘స్థానిక పదం’ చేర్చుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చారు. అదీ వాళ్ళ నిఘంటువులో ఉన్న పదమే అయ్యుండాలి. చదివి నవ్వుకున్నాను.

మా ల్యాబు పెద్దాయన షరీఫ్ గారు మాత్రం పొంగిపోయారు. పాత సాఫ్ట్‌వేర్ మెట్టుమెట్టుకీ ఆగి ‘సరేనా?’ అని అడిగేది. ఆయనకి అదంటే ఒళ్ళుమంట.

“నా నిఖాలో ఖాజీ గారు కూడా మూడుసార్లే అడిగారమ్మా. ఇదేంది, గంటకి ముప్పైసార్లు,” అని ప్రధాన కార్యాలయానికి రాసి రాసి పంపేవారు.

ఆయన మొర ఆలకించారు. కొత్తది ఏమీ అడగదు. శాంపిల్ లోపల పెట్టి, మూత వేసి, పద్ధతి పేరు చెబితే చాలు. చివర్లో ఫలితం చదువుతుంది. బడిలో ప్రతిజ్ఞ చదివే పిల్లాడి గొంతు దానిది. మూత మాత్రం పని అయ్యేదాకా తెరుచుకోదు. చేత్తో చేస్తామంటే కుదరదు, యంత్రం ముద్ర లేని ఫలితాన్ని మందుల కర్మాగారం ముట్టుకోదు.

సాయంత్రం గాలిగొట్టాల మీద ఉప్పు గీకే వంతు నాది. గీకాను.

నమోదు 4

మా అక్క శాంపిల్ వచ్చింది.

రాహేలు అక్క ఆరో లంకలో ఉంటుంది. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే చోట జల్లెళ్ళకి పేరుకున్న ఉప్పు గీకే పని. ఆ పొడి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తుల్లో ఉప్పుపొర పట్టింది. ఈ జబ్బుకి ఎవరి మందు వాళ్ళదే. జబ్బుచేసిన చోటునుంచి చిన్న ముక్క తీసి, అందులోని ఆర్ఎన్ఏని చదివి, దానికి సరిపడే మందు ఆ ఒక్క మనిషి కోసమే కాస్తారు. ఆర్ఎన్ఏ దొరక్కపోతే చదవడానికేం లేదు, కాయడానికీ ఏం లేదు.

ముక్క గోటి కొసంత ఉంది. జల్లెడ పద్ధతిలో పెడితే సగం జల్లెడకే అతుక్కుపోతుంది. అందుకే ముద్ద పద్ధతి. తీరం మొత్తంలో ముద్ద పద్ధతి వాడేది మేం ఒక్కళ్ళమే, ఇంత చిన్న ముక్కలు వచ్చేది మాకే కాబట్టి.

నాతో కలిసి పనిచేసే శ్రీలత నా మొహం చూసి శాంపిల్ తనే తీసుకుంది. జగిత్యాల పిల్ల. తన చేయి వణకదు.

“నువ్వు గా కుర్చీల కూసో. మీ అక్కది నేను పెడ్త,” అంది.

మధ్యాహ్నానికి యంత్రం చదివింది: “ప్రక్రియ సమాప్తమైనది. ఫలితము: శూన్యము.”

శూన్యం అంటే ఏమిటి? బతికున్న మనిషి ముక్కలో ఆర్ఎన్ఏ లేకపోవడం ఏమిటి? ఎండు చేపలో కూడా ఎంతో కొంత దొరుకుతుంది. రెండుసార్లు చదివించాను. అదే ప్రతిజ్ఞ గొంతు, అదే శూన్యం.

నమోదు 5

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి పేరు మృణాళిని. ఎంత మర్యాదంటే మనకి కోపం రావడానికి కూడా సిగ్గేస్తుంది.

“మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. యంత్రం పెట్టిన మెట్లన్నీ పూర్తయ్యాయాండీ?”

“పూర్తయ్యాయి.”

“అయితే ప్రక్రియ విజయవంతమేనండీ.”

“ఆర్ఎన్ఏ లేదమ్మా అందులో.”

“అది శాంపిల్ సమస్యండీ. ప్రక్రియ సమస్య కాదు. మిగతా లంకల నుంచి మాకు ఒక్క ఫిర్యాదూ లేదండీ.”

మిగతా లంకలు ముద్ద పద్ధతి వాడవని చెప్పాను. నమోదు చేసుకున్నానంది. ఫిర్యాదు ఏ శాఖకి వెళ్ళాలో ఎంచుకోమంది. శాఖలు మూడు: విద్యుత్తు, మూత, ఇతరములు. ఇతరములు అన్నాను. ఇతరములు విభాగానికి ప్రస్తుతం అధికారి లేరంది.

ఫోన్ పెట్టేసి కాసేపు సముద్రం వైపు తిరిగి తిట్టాను. సముద్రం ఫిర్యాదు చేయదు.

నమోదు 8

భూషణం గారిది కూడా శూన్యం. ఆరో లంక ఆసుపత్రిలో మా అక్క పక్క మంచం ఆయనదే. ఆయనకిది రెండోసారి తీసిన ముక్క. ఇంక తీయడానికి వీల్లేదని అక్కడి డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన తర్వాత మరో ఇద్దరివి. అన్నీ ముద్ద పద్ధతివే. పొరల పద్ధతిలో పెట్టినవి నిక్షేపంగా వస్తున్నాయి, జల్లెడవీ వస్తున్నాయి.

నేను చేయకూడని పని చేశాను. శ్రీలత మీద అరిచాను. ముక్కని మంచు డబ్బాలోంచి తీసేటప్పుడు ఆలస్యం చేస్తున్నావేమో, వేడికి పాడవుతున్నాయేమో అన్నాను. ఆర్ఎన్ఏ సంగతి అందరికీ తెలిసిందే, కాస్త ఏమరితే ముక్కలైపోతుంది.

శ్రీలత చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. “నా చేతిల ఏం లేదు కెజియా. పదేండ్ల సంది చేస్తున్న. నువ్వే పెట్టి చూడు,” అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

నేనే పెట్టాను. ఒక పాత శాంపిల్, మంచి శాంపిల్, గతంలో బ్రహ్మాండంగా వచ్చిన శాంపిల్. శూన్యం.

రాత్రి భోజనాల దగ్గర శ్రీలతకి క్షమాపణ చెప్పాను. తను “తిను ముందుగాల” అంది.

నమోదు 9

అక్క ముక్క మళ్ళీ వచ్చింది. ఈసారి డబ్బా మీద డాక్టరమ్మ చేతిరాత: ఇదే ఆఖరు. ఇంకోసారి సూది గుచ్చితే ఊపిరితిత్తి తట్టుకోదు. తుఫాన్ల కాలం మొదలయ్యేలోపు మందు పడకపోతే ఆ తేమకి పొర ఇంకా బిగుస్తుంది, అప్పుడు పడ్డా ఉపయోగం లేదు.

డబ్బాని ఫ్రీజర్లో అన్నిటికన్నా వెనక పెట్టాను. షరీఫ్ గారు చూసి, ఫ్రీజర్ తలుపు తనే మూశారు. వరసలో ఉన్న శాంపిల్ పెట్టకుండా దాచడం నేరం. ఫ్రీజరేమో ఆటుపోట్ల కరెంటు మీద నడిచేది, అలలు మందగించినప్పుడల్లా మూలుగుతుంది. పెడితే పోతుంది, పెట్టకపోయినా మెల్లగా పోతుంది. రోజంతా దాని మూలుగు వింటూనే కూర్చున్నాను.

సాయంత్రం అక్క రేడియోలో మాట్లాడింది. మధ్యమధ్య దగ్గు. చేపల ధర గురించి చెప్పింది. పక్క మంచం భూషణం గారు నిద్రలో లెక్కలు అప్పజెబుతున్నారని చెప్పి నవ్వింది. తన శాంపిల్ ఏమైందని అడగలేదు. నేను తనకెలా ఉందని అడగలేదు. మా ఇంట్లో మొదట్నుంచీ అంతే. ఎవరూ ఎవర్నీ అడగరు. చెబితే వింటాం. చెప్పకపోతే ఏమీ లేదని సరిపెట్టుకుంటాం. మా నాన్న చూపు పోయిందని మాకు తెలిసేసరికి ఏడాది దాటింది.

“సరే కెజీ, ఉంటా,” అంది అక్క.

“ఊఁ,” అన్నాను నేను.

నమోదు 11

కూరగాయల పంటు రాలేదు. మా గదిలో శ్రీలత కిచిడీ వండింది. నేను యంత్రం వాక్యాలన్నీ గోడకి అంటించి చదువుతున్నాను. చదివి చదివి ప్రతి వాక్యమూ మొహంలోకి చూసి వెక్కిరిస్తున్నట్టుంది. వాటిలో తప్పేం లేదు. ముద్ద పద్ధతి వాక్యాలన్నీ మా వాక్యాలే. షరీఫ్ గారు మాకు నేర్పినవి, మేం యంత్రానికి నేర్పినవి. ఒక్క అక్షరం మారలేదు.

ఇంతలో గది నిండా మాడు వాసన.

“అడుగంటింది,” అంది శ్రీలత. “నీ గోడ సూసుకుంట నేను పొయ్యి మర్చిన. ఏం గాదు, అడుగు ఇడిచిపెట్టి మీదిది పెట్టుకో.”

నేను గరిటె పట్టుకుని గిన్నె ముందు కూర్చున్నాను. పైనున్నది కంచంలో పెట్టుకున్నాను. అడుగున ఉన్నది గిన్నెలోనే ఉంది. దాన్ని వదిలేశాను.

“శ్రీలతా, ఇప్పుడీ అడుగు ఏం చేస్తావ్?”

“ఏం జేస్త, నానబెట్టి తోమి పారబోస్త. మాడింది తింటరా ఎవరన్న?”

కంచం కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళాను. ముద్ద పద్ధతిలో ఆరో వాక్యం: అడుగు వదిలేయ్. పొరల పద్ధతిలో నాలుగో వాక్యం: అడుగు వదిలేయ్.

పొరల పద్ధతిలో ట్యూబుని గిరగిర తిప్పాక పైన తేట నిలుస్తుంది, కింద గులాబి రంగు మడ్డి దిగుతుంది. ఆర్ఎన్ఏ తేటలో ఉంటుంది. అడుగు వదిలేయ్ అంటే మడ్డి మనకొద్దు, పారేయ్ అని. ముద్ద పద్ధతిలో ఆల్కహాల్ పోసి తిప్పితే ఆర్ఎన్ఏ మొత్తం అడుగున తెల్లగా ఒక చుక్కలా కూర్చుంటుంది. అక్కడ అడుగు వదిలేయ్ అంటే దాన్ని కదపకు, దాని మానాన దాన్ని ఉండనీ, పైనున్నది వంపేయ్ అని.

ఒక వాక్యానికి ఒకటే అర్థం. అన్ని లంకల వాళ్ళూ పొరల పద్ధతే ఎక్కువ వాడతారు. అందుకని ఆ అర్థాన్ని ఉంచి, మాది కొట్టేశారు. ఇన్ని రోజులుగా యంత్రం ఆర్ఎన్ఏని శుభ్రంగా వేరుచేసి, జాగ్రత్తగా అడుగున చేర్చి, ఆ తర్వాత అంతే జాగ్రత్తగా చెత్తలో పోసి, మిగిలిన ఆల్కహాల్ని చదివి శూన్యమంటోంది.

శ్రీలతకి చెప్పాను.

“భూషణం సార్ ది గూడ గట్లనే పోయిందా?” అంది.

ఇద్దరికీ ఆకలి చచ్చిపోయింది. మాడిన గిన్నె పొద్దున దాకా అలాగే ఉంది.

నమోదు 12

నేను చెబితే సరిపోదు, రుజువు కావాలి. ముద్ద పద్ధతికి కావలసిన రసాయనాల కిట్లు రెండే మిగిలాయి. ఒక్కో కిట్టుతో ఒక్కసారే నడపగలం, మళ్ళీ పంటు ఎప్పుడో తెలీదు. ఒకటి రుజువుకి, ఒకటి అక్కకి.

వంటింట్లోంచి రొయ్య తలకాయ తెచ్చి ముద్ద పద్ధతిలో పెట్టాను. చెత్త గిన్నెలో ఎప్పుడూ బ్లీచ్ ఉంటుంది, పడ్డదాన్ని పడ్డట్టే తినేస్తుంది. అందుకే పోయిన శాంపిళ్ళని వెనక్కి తెచ్చుకోలేం. ఈసారి బ్లీచ్ తీసేసి, గిన్నె కడిగి ఆరబెట్టి పెట్టాం. యంత్రం శూన్యమని చదివాక చెత్త గిన్నెలో ఉన్నదాన్ని తీసి కొలిచాం. కుప్పలుగా ఆర్ఎన్ఏ. ఇంత చక్కటి తయారీ ఈమధ్య చూడలేదు. చెత్తలో. చేత్తో తీసినదానికి యంత్రం ముద్ర పడదు కాబట్టి అక్క ముక్కకి ఈ దారి పనికిరాదు.

షరీఫ్ గారు ఆ అంకెలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇరవై ఏళ్ళు ఆ మాటే చెప్పానమ్మా పిల్లలకి. ఒక్కరూ పొరబడలా.”

“మనుషులు కదా సార్.”

“అవును. మనిషి ట్యూబు వంక చూస్తాడు గదా,” అన్నారు. మళ్ళీ కాసేపాగి, “పాతదైతే అడిగేది. సరేనా అనేది. నేనే దాని నోరు మూయించా,” అన్నారు.

ఓదార్చడానికి నాకు ఓపిక లేదు. నిజానికి కోపంగా ఉంది. ఆయన మీదో, నా మీదో, ఆ నినాదం రాసిన మహానుభావుడి మీదో తేల్చుకోలేనంత కోపం.

నమోదు 13

మృణాళినికి మొత్తం చెప్పాను, రొయ్యతో సహా. ఈసారి తను నిజంగా విన్నది. మధ్యలో ఒకసారి “అయ్యో” అని కూడా అంది, వెంటనే సర్దుకుంది.

“వాక్యం మార్చాలంటే పదాల సంఘం కూర్చోవాలండీ.”

“ఎప్పుడు కూర్చుంటుంది?”

“తుఫాన్ల కాలం అయ్యాకండీ. సభ్యులు ప్రయాణం చేయలేరు కదండీ.”

“అప్పటికి మా అక్క ఉండదమ్మా.”

అటువైపు ఏదో తలుపు మూసిన చప్పుడు. తర్వాత మామూలు గొంతుతో, అండీలు తగ్గించి అంది. “నాకు వాక్యాలు ముట్టుకునే అధికారం లేదు మేడమ్. తాళం మా చేతుల్లో ఉండదు. మీకు స్థానిక పదం ఒకటుంది కదా. అదొక్కటే మీ చేతిలో ఉన్నది.”

ఒక్క పదం. ఒక్క పదంతో ఆ వాక్యాన్ని ఎలా తిప్పడం?

సాయంత్రందాకా ముగ్గురం యంత్రం ముందు కూర్చుని పదాలు చెప్పాం. ఆరో వాక్యం ముందు ‘మడ్డి’ అన్నాను. “ఈ పదము నిఘంటువులో లేదు.” ‘తేట’ అన్నాను. లేదు. శ్రీలత ‘వంపు’ అంది. “వంపు అనగా వక్రత. ఈ సందర్భమునకు పొసగదు.” షరీఫ్ గారు ‘వార్చు’ అన్నారు, గంజి వార్చినట్టు పైనీళ్ళు పోయి కిందది మిగులుతుంది కదా అని. “వంటపదములు అనుమతించబడవు.”

“వంట రాని మొగుడు దొరికాడు మనకి,” అన్నారు షరీఫ్ గారు. ఎవరికీ నవ్వు రాలేదు.

‘వద్దు’ అంటే ఆరో వాక్యమే మొత్తంగా ఎగిరిపోతుంది. అప్పుడు ఆల్కహాల్ అలాగే ఉండిపోయి తర్వాతి మెట్టులో అంతా పాడవుతుంది. ‘ఆగు’ అంటే శాశ్వతంగా ఆగుతుంది, మూత తెరుచుకోదు. ఆ రెండూ నిఘంటువులో ఉన్నాయి. పనికొచ్చేవే లేవు.

నమోదు 14

ఫ్రీజర్ రాత్రి రెండుసార్లు ఆగి మళ్ళీ నడిచింది. ఇంక దాచి లాభం లేదు.

పొద్దున్నే వాళ్ళ నిఘంటువు అ నుంచి మొదలుపెట్టి చదివాను. ఎక్కువ దూరం వెళ్ళాల్సిన పని పడలేదు. మొదటి పుటలోనే ఉంది.

అడుగు: క్రింది భాగము.
అడుగు: పాదము వేయు దూరము, మెట్టు.
అడుగు: ప్రశ్నించుము.

వాక్యానికి ఒకటే అర్థమన్న మహానుభావులు పదం దగ్గరికొచ్చేసరికి మూడు ఉంచేశారు. భాష వాళ్ళ మాట వినలేదన్నమాట.

శ్రీలతని లేపి చూపించాను. ఆరో వాక్యం ముందు, ఏ పదానికీ అంటుకోకుండా, విడిగా ఒక్క మాట: అడుగు. కింది భాగం అన్నదానికి ఒంటరిగా పని చెప్పలేం. మెట్టు అన్నా అంతే. ఒక్క మాటతో పని పురమాయించాలంటే మూడోదే అవ్వాలి: యంత్రం అక్కడ ఆగి మమ్మల్ని అడగాలి.

“మరి ‘ఏమి అడగవలెను’ అన్నదనుకో?” అంది శ్రీలత.

“అంటే చెబుదాం.”

“అసలేం అడుగకుంట, రెండు అడుగులు కలిపి రెండుసార్లు పారబోసిందనుకో?”

సరిచూసుకోవడానికి ఇంకో కిట్టు లేదు, ఇంకో ముక్క లేదు. శ్రీలత నా వైపు చూసింది. ఆమె నీ అక్క, నిర్ణయం నీదే అన్నట్టు చూసింది. ఆ మాట పైకి అననందుకు మనసులో దండం పెట్టుకున్నాను.

నమోదు 15

పెట్టాను.

శ్రీలతే డబ్బా తీసింది, నేను మూత వేశాను. ముద్ద పద్ధతి అన్నాను. స్థానిక పదం ఏదో, ఎక్కడో ముందే చెప్పేశాను. మూత బిగుసుకుంది. షరీఫ్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి. నేను కూడా ఏదో పాడుకున్నాను, మా అమ్మ చర్చిలో పాడేది. రెండో చరణం ఎప్పుడూ రాదు నాకు, మొదటిదే మళ్ళీ మళ్ళీ పాడాను.

ఒకటి, రెండు, మూడు మెట్లు. యంత్రం తిరుగుతున్న చప్పుడు. నాలుగు. అయిదో మెట్టులో తిరగడం ఆగింది. అద్దంలోంచి చూస్తే ట్యూబు అడుగున, బియ్యపు నూకలో సగమంత, తెల్లటి చుక్క. అది మా అక్క. అంతే ఉంది మా అక్క ఇప్పుడు.

యంత్రం ముక్కు ట్యూబు మీదికి వంగింది. వంగి, ఆగింది.

ఎంతసేపు ఆగిందో రాయలేను. శ్రీలత నా మోచేయి పట్టుకుంది, గోళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

అప్పుడు ఆ ప్రతిజ్ఞ గొంతు అంది: “‘అడుగు వదిలేయ్’ అను వాక్యమునకు రెండు అర్థములు కలవు. ఒకటి, క్రిందిది పారవేసి పైది ఉంచుట. రెండు, క్రిందిది కదపక పైది పారవేయుట. తమకు ఏది కావలెను?”

దానికి తెలుసు. మా అర్థాన్ని కొట్టేశారనుకున్నానుగానీ, మొదటి రోజునుంచీ తెలుసు. భూషణం గారి ముక్క లోపలున్నప్పుడూ తెలుసు. రెండు అర్థాలూ పక్కపక్కనే పెట్టుకుని, అడగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎక్కువమంది వాడేదాన్ని ఎంచుకుని ముందుకెళ్ళిపోయింది. ఆ యంత్రాన్ని సముద్రంలోకి తోసేయాలనిపించింది. ముద్దుపెట్టుకోవాలని కూడా అనిపించింది.

“రెండోది,” అన్నాను. మూత దగ్గరికి వంగి మళ్ళీ చెప్పాను. “రెండోది. కిందిది కదపకు. పైది పారెయ్.”

“అటులనే,” అంది.

చివర్లో ఫలితం చదివింది. శూన్యం కాదు. అంకె చెప్పింది. మందుకి కావలసినదానికన్నా కాస్త ఎక్కువే ఉంది. శ్రీలత మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. నేను చేసిన నింద ఇన్నాళ్ళూ ఎక్కడ మోసిందో అప్పుడు తెలిసింది.

నమోదు 16

ముద్ర పడిన ఫలితం కర్మాగారానికి వెళ్ళిపోయింది. తుఫాన్లకి ముందే మందు కాస్తామని జవాబొచ్చింది. మృణాళినికి ఫోన్ చేసి ఆ పదం గురించి చెప్పాను. వాళ్ళ వాక్యాల్లోనూ ఇలాంటివి ఉండొచ్చని, తను మిగతా లంకలన్నిటికీ ‘చిట్కా’ అనే పేరుతో పంపిస్తానంది. సంఘం అనుమతి లేకుండానే పంపుతానంది, అండీ లేకుండా.

భూషణం గారికి చెప్పడానికి షరీఫ్ గారు తనంతట తానే బయలుదేరారు. ఆయన ముక్క ఏమైందో, ఎందుకైందో, ఉన్నదున్నట్టు చెబుతానన్నారు. భూషణం గారు ఏమంటారో తెలీదు. ఏమన్నా పడాలి. ఆ పడవ వెళ్తుంటే చూడలేక లోపలికొచ్చి గాలిగొట్టాలు గీకాను. నా వంతు కాకపోయినా గీకాను. ఒక్క పదం. అదే పదం ఆయన ముక్క పెట్టిన రోజూ మొదటి పుటలోనే ఉంది.

సాయంత్రం రేడియోలో అక్క. మందు వస్తోందని డాక్టరమ్మ చెప్పిందట. ఊఁ అన్నాను. చేపల ధర మళ్ళీ పెరిగిందంది. ఊఁ అన్నాను. సరే కెజీ ఉంటా, అనబోతోందని దగ్గుని బట్టి తెలిసిపోయింది.

“అక్కా, ఉండు. భయమేసిందా నీకు?”

రేడియోలో గాలి చప్పుడు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను.

“ఏసింది,” అంది అక్క. “రోజూ ఏసింది. నువ్వడుగుతావేమో అని చూశా.”

“మరి చెప్పొచ్చుగదే.”

“అడిగితే చెబుదామనుకున్నా.”

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగాను. అన్నం ఎంత తింటున్నావని అడిగాను. నాన్న సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. అక్క ఒక్కోదానికీ ఆగి, దగ్గి, జవాబు చెబుతోంది.